అలికిన రేసు బాట

డ్రాగ్ రేస్ అంటే ఏమిటో చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. జెండా ఊపగానే తిన్నగా ఉరుకుతాయి. అటు చివరికి ముందు చేరినవాళ్లు గెలిచినట్టు. మలుపులు లేవు, చుట్లు లేవు. ఇంత విడమరిచి చెప్పాక కూడా మా బాన్సువాడలో ఎవరైనా అనేది ఒకటే మాట.

"గంతేనా?"

ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అలాగని నేనేదో రేసుల పిచ్చిదాన్ని అనుకునేరు. బట్టలు కుట్టుకుని బతికేదాన్ని. పిచ్చి మా అన్నది. ఆయనకు బోధన్ రోడ్డు మీద బండ్ల మెకానిక్ దుకాణం ఉంది. దాని పక్క మడిగెలో నా కుట్టు మిషన్. మా మధ్య ఒకటే గోడ. ఆయన దగ్గర ఏ బండి ఎట్లా దగ్గుతుందో నాకు వినబడుతుంది, నా దగ్గర ఏ ఆడమనిషి ఏ చాడీ చెబుతుందో ఆయనకు వినబడుతుంది. ఆ గోడ పక్కన కూర్చున్న పాపానికి ఆయన పిచ్చిలో సగం నా నెత్తిన పడింది.

అసలు ఇది మొదలైంది ఆట కోసం కాదు. సాయంత్రమైతే చాలు, ఊళ్లో మగపిల్లలు సైలెన్సర్లు ఊడబీకి నస్రుల్లాబాద్ రోడ్డు మీద పోటీలు పెట్టుకునేవాళ్లు. యాసంగి కోతల కాలంలో ఆ రోడ్డు సగం వడ్లతోనే నిండి ఉంటుంది. కల్లాలు లేనివాళ్లు ఎక్కడ ఆరబోస్తారు మరి? రోడ్డు పక్కన బారుగా పోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఒక పిల్లాడు ఆ వడ్ల మీద బండి ఎక్కించి జారి పడ్డాడు. కాలులో రాడ్డు వేశారు. వంకరపోయిన బండిని మా అన్న దుకాణం ముందు దింపారు. మర్నాడు ఆ పిల్లాడి తల్లి వచ్చి బండి దగ్గర నిలబడింది. కాసేపు హ్యాండిల్ పట్టుకుని చూసి వెళ్లిపోయింది. ఆ పూట అన్న అన్నం ముట్టలేదు.

"రోడ్డు మీద ఉరకకుండ్రి అంటె ఇంటరా చెల్లె? ఇనరు," అన్నాడు. "ఉరికెటందుకు ఒక జాగ సూపియ్యాలె."

"నీకెందుకే ఈ ఫికరు? పోలీసోళ్లు లేరా?" అన్నాను నేను. ఆయన నా మాట విన్న రోజు ఏదైనా ఉంటే కదా.

వర్ని వైపు కాలువ కింద, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్లున్నాయి. వాటిని మేం క్యాంపులంటాం. అక్కడి పెద్దాయన ఒకరికి మా దిక్కున కూడా భూమి ఉంది. అందులో కాలువకూ రోడ్డుకూ మధ్య పొడుగ్గా ఒక మొరం చెలక, నీళ్లు ఎక్కవు, గడ్డి మొలవదు. అన్న వెళ్లి అడిగితే ఆయన నవ్వి, "ఆడుకోండయ్యా, ఆ నేల దేనికీ పనికిరాదు" అన్నాడు. అన్న, ఆ పిల్లలు కలిసి దాన్ని చదును చేశారు, నీళ్లు పెట్టారు, రోలర్ తొక్కించారు. ఏటా అదే పని. చివరికి ఆ నేల మా ఇంటి గచ్చు కంటే నున్నగా తయారైంది.

ఏడాదికి ఒకసారి, మే నెలలో ఒక ఆదివారం రేసు. నేల ఆరి ఉన్న మిగతా రోజుల్లో సాయంత్రాలు సాధన. హెల్మెట్ లేనివాడిని గేటు దగ్గరే వెనక్కి పంపుతాడు అన్న. రోడ్డు మీద ఉరికినట్టు తెలిస్తే ఆ ఏడు బాట మీదికి రానివ్వడు. ఆ భయానికి పిల్లలు నిజంగానే రోడ్డు వదిలారు. ఆపెయ్యమని ఏటా పోరేదాన్నే గానీ, అంతవరకు నేను కూడా ఒప్పుకుంటాను, మంచి పనే.

మరి చూసేవాళ్లు? అక్కడే వచ్చింది చిక్కు. మొదటి ఏడు వింత కొద్దీ ఊరంతా వచ్చింది. "గంతేనా" అనుకుంటూ వెళ్లిపోయింది. మరుసటి ఏటికి సగం మంది కూడా లేరు. కిరాయికి తెచ్చిన మైకు అతను రెండో రేసుకే అలిగి కుర్చీలో చతికిలబడ్డాడు. "అక్కా, ఎడమ దిక్కు ఉన్నది ఫలాన ఊరి పిలగాడు అని నేను జెప్పెటాల్లకు ఆళ్లు అటు చివర ఉంటుండ్రు. నేనేం మాట్లాడాలె?" అన్నాడు. అతని చేతిలోంచి మైకు లాక్కున్నాను. నా గొంతు లేస్తే బస్టాండు దాకా వినబడుతుందని పేరు. అయితే ఏం లాభం, నా కథా అదే అయింది. పేరు చెబితే ఊరు మిగిలిపోయేది, ఊరు చెబితే గెలిచినవాడి పేరు మిగిలిపోయేది. ఐస్ గోలా అమ్మే అతను కూడా నా ముఖం మీదే అనేశాడు, గోలా కరిగేలోపు రేసు అయిపోతే జనం ఇంకో గోలా ఎందుకు కొంటారని.

భూమి పెద్దాయనకైతే మా ఆట అంటే మహా చులకన. "మా బండలాగుడు పోటీ చూడమ్మాయ్. ఎడ్లు బండని ఈడుస్తుంటే జనం పక్కనే నడుస్తారు, అరుస్తారు, అవి నిలబడిపోతే వీళ్లకి చెమటలు పడతాయ్. మీదేంటమ్మా, తుమ్మినంతసేపు కూడా ఉండదు," అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆయన చెప్పింది నిజం కాబట్టి ఇంకా మండేది.

జనం రాకపోతే ఏమవుతుంది, పిల్లలు ఉరుకుతారు కదా అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. పిల్లల మనసు అలా ఉండదు. ఒకడు నా దగ్గర ప్యాంటు పొట్టి చేయించుకుంటూ కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. "అక్కా, గాడ సూసెటోడు ఒక్కడు లేడు. రోడ్డు మీదైతే బస్టాండుల నిలబడ్డోళ్లన్న సూస్తరు." నా చేతిలో కత్తెర ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టి మరీ తిట్టాను. ఆ రాత్రి అన్నకు చెప్పాను. అప్పటినుంచి జనాన్ని రప్పించడం ఆయనకు చావుబతుకుల సంగతి అయిపోయింది.

ఇక చూడాలి మా ప్రయోగాలు. ఒక ఏడు డీజే పెట్టాం. జనం బాగానే వచ్చారు. వచ్చి, డీజే డబ్బాల వైపు తిరిగి, రేసు బాటకు వీపు పెట్టి ఎగిరారు. నేను మైకులో "గెలిచిండు, గెలిచిండు" అని గొంతు చించుకుంటుంటే, ఒకడు వచ్చి "అక్కా, జర మైకు బంద్ జెయ్, పాట ఇనబడ్తలేదు" అన్నాడు. ఆ రోజు నేను మనిషిని కాబట్టి ఊరుకున్నాను.

మరుసటి ఏడు లక్కీ డ్రాలో మేకపోతు. చీటీలు తీసేదాకా కూర్చుంటారు, ఆలోగా రేసు చూస్తారని అన్న లెక్క. జనం రేసుకు ముందే రావడం మొదలుపెట్టారు, మేక చుట్టూ మూగి దాని పళ్లు చూడటం మొదలుపెట్టారు. ఇంజన్ల చప్పుడుకు ఆ మేక తాడు తెంపుకుని బాట మీద పడి ఉరికింది. దాని వెనక ఊరంతా ఉరికింది. ఆ రోజు జనం నిజంగా అరిచింది ఆ మేక కోసమే. అది ఫినిష్ దాటి పక్కనున్న కాలువ గట్టు ఎక్కేసరికి చప్పట్లు కూడా కొట్టారు.

ఆ తర్వాత మా మేనకోడలు పగ్గాలు తీసుకుంది. అన్న కూతురు, నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతుంది. "అత్తమ్మా, మీరు పాత పద్ధతిల ఆలోచిస్తుండ్రు. ఇది రీల్ అంత ఆట. గియ్యాల రేపు జనానికి గంతే ఓపిక. మనకు మస్తు సెట్ అయితది," అంది. రీల్స్ తీసింది, పాట పెట్టింది. ఎక్కడెక్కడివాళ్లో చూశారు, ఎవరో హిందీలో, ఎవరో మరాఠీలో మెచ్చుకున్నారు. మహారాష్ట్రలోని దెగ్లూరు నుంచి ఇద్దరు పిల్లలు బండ్లు వేసుకుని మరీ వచ్చారు. మా కూడలిలో పొద్దస్తమానం ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాళ్లు మాత్రం ఆ రీల్‌ను అక్కడే కూర్చుని చూశారు. "ఫోన్ల సూసినం గదా అక్కా, మల్ల ఎండల నడుసుకుంట రావాల్నా?" అన్నారు.

ఈ ఏడాది పెద్దాయన దుకాణానికే వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చాయ్ తాగి, నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. చుట్టుపక్కల పల్లెవాళ్లు ఆ నేల కల్లానికి ఇమ్మని ఏడాదిగా అడుగుతున్నారు. రోడ్డు మీద ఆరబోస్తే పోలీసులతో గొడవ, బండ్లతో గొడవ.

"నాకు మీ ఆట అడ్డం కాదయ్యా," అన్నాడు అన్నతో. "జనం పోగయ్యే ఆటైతే నేను వాళ్లకి చెప్పుకోగలను, ఇదిగో ఊరంతా వస్తోంది, ఎలా తీసేయను అని. నలుగురు కుర్రాళ్ల కోసం అంత నేల ఖాళీగా పెట్టానంటే నన్నేమనుకుంటారు? ఈసారి చూస్తాను. రాకపోతే వచ్చే ఏటి నుంచి కల్లానికి ఇచ్చేస్తాను."

అన్న సరేనన్నాడు. నేను గోడ ఇవతల మిషన్ ఆపి విన్నాను. ఆ మనిషిని తప్పుపట్టడానికి ఒక్క మాటైనా దొరుకుతుందేమోనని వెతికాను, దొరకలేదు.

అప్పటినుంచి అన్నకు కంటి మీద కునుకు లేదు. మేనకోడలు ఇల్లిల్లూ తిరిగి, ఎందుకు రారో అడిగి వచ్చింది. అందరూ చెప్పినవాటిలో మేం ఏదైనా చేయగలిగింది ఒక్కటే కనబడింది: దుమ్ము. ఒక్కో బండి లేచినప్పుడు మొరం దుమ్ము లేచి తెల్ల అంగీలు ఎర్రబడతాయట, ఆడవాళ్లు కొత్త చీర కట్టుకుని రాలేకపోతున్నారట. ఓహో, దుమ్మేనా అసలు బాధ, అని అన్న ముఖం వెలిగిపోయింది. శనివారం ట్యాంకర్ నిండా పేడనీళ్లు కలిపించాడు. పిల్లలను వెంటేసుకుని బాట ఈ చివర నుంచి ఆ చివరికి చల్లి, చీపుర్లతో అలికించాడు. సాయంత్రానికి అది ఆరి, అద్దంలా బిగుసుకుంది. దుమ్ము అనే మాటే లేదు. అన్న దాని మీద చెప్పుల్లేకుండా నడిచి చూసి మురిసిపోయాడు. ఆయన ముఖం చూసి నేను కూడా, నిజం చెప్పొద్దూ, ఈసారి గట్టెక్కుతామనే అనుకున్నాను.

ఆ సాయంత్రమే పడమటి దిక్కున మబ్బు పట్టింది. మా వైపు నాలుగు చినుకులు కూడా రాలలేదు. పక్క పల్లెల్లో మాత్రం చెడగొట్టు వాన దంచి కొట్టింది.

ఆదివారం పొద్దున సూర్యుడు లేచే వేళకు మైకు డబ్బాతో, జెండాలతో అన్న బండి మీద వెనక కూర్చుని వెళ్లాను. గేటు దగ్గర అన్న బ్రేకు వేశాడు. దిగలేదు. ఏమైందని ఆయన భుజం మీదుగా చూశాను.

బాట లేదు. వడ్లు ఉన్నాయి. ఈ చివర నుంచి ఆ చివరి దాకా, మా సున్నం గీతల మీద, స్టార్టు మీద, ఫినిష్ మీద, ఎవరో చేత్తో కొలిచి పరిచినట్టు పచ్చగా వడ్లు. పక్క పల్లెకు చెందిన కుటుంబాలు పది దాకా ఉంటాయి, తెల్లవారకముందే ట్రాక్టర్లలో తెచ్చి పోసినట్టున్నారు. ఒక అవ్వ చీర కుచ్చిళ్లు ఎగదోపి, కాళ్లతో వడ్లు కలియదోస్తూ నెరుపుతూ నింపాదిగా మా వైపే వస్తోంది.

"అవ్వా, ఎవ్వలను అడిగి పోసిండ్రు?" అన్నాను. నా గొంతుకు మైకు అవసరం లేకపోయింది.

"ఎవ్వల నడుగుడేంది బిడ్డా?" అంది ఆమె. "పెద్దాయన ఇస్తడని మావోళ్లు ఏడాది సంది అంటనే ఉండ్రి. నిన్న బాట పొంటి పోతుంటె పేడనీళ్లు సల్లి అలికి పెట్టిండ్రు. ఇచ్చిండనుకున్నం."

"గది రేసు కోసం అలికినం!"

"అలికిన కల్లంల వడ్లు పోయక ఏం పోస్తరు?" అంది అవ్వ, నా తెలివికి జాలిపడుతూ.

నేను అన్న వైపు తిరిగాను. "నీకు బుద్ధుందానే? ఎవడన్న రేసు బాటను పేడతోని అలుకుతడా? గదీ కోతల దినాలల్ల! బొట్టు వెట్టి పిలిచినట్టు పిలిచినవ్!" అని దులిపేశాను. కోతల కాలంలో పేడతో అలికిన గట్టి నేల కనబడితే మా దిక్కు రైతు ఏమనుకుంటాడు? ఇది పుట్టి బుద్ధెరిగిన ప్రతివాళ్లకూ తెలిసిన సంగతి. మా నాయిన కల్లం అలుకుతుంటే చీపురు పట్టుకుని వెనక తిరిగినవాళ్లం మేమిద్దరం. అయినా మా ఇద్దరికీ తట్టలేదు. రేసు, రేసు, రేసు అని మెదడు మొద్దుబారిపోయి తట్టలేదు.

అప్పటికే పోటీకి వచ్చే పిల్లలు బండ్లతో దిగడం మొదలైంది. బోధన్ వాళ్లు, కామారెడ్డి వాళ్లు, దెగ్లూరు వాళ్లు, హెల్మెట్లు చంకన పెట్టుకుని వడ్లను చూస్తూ నిలబడ్డారు. పెద్దాయన కూడా వచ్చాడు. ఆయనా బిత్తరపోయాడు. "నేను ఇస్తానని చెప్పలేదయ్యా, చూద్దాం అన్నాను, అంతే," అని అటు వాళ్లకీ ఇటు మాకూ చెప్పుకుంటున్నాడు. వడ్లవాళ్లలో ఒకతను ఎగిరి మాట్లాడాడు, మా పిల్లల్లో ఒకడు అంతకంటే ఎగిరి మాట్లాడాడు. ఇంకాస్త ఉంటే చేతులు లేచేవే.

అన్న మాత్రం కింద కూర్చుని గుప్పెడు వడ్లు తీసి చూస్తున్నాడు. నేనూ చూశాను. తడిసి ఉబ్బిన గింజలు, కొన్నింటికి తెల్లగా మొలక ముక్కు. ఇంకో పూట ఎండ దొరక్కపోతే అవి వాసన కొట్టి దేనికీ పనికిరాకుండా పోతాయి. ఆయన లేచి అవ్వ దగ్గరికి వెళ్లాడు.

"అవ్వా, ఎండ ఇంక ముదరలే. జరసేపు కుప్ప జేసి పక్కకు వెడ్తం. మేమే వెడ్తం, మేమే మల్ల నెరుపుతం. ఎండ నెత్తి మీదికి రాకముందే నీ వడ్లు నీకు పరిచిస్తం."

అవ్వ ఆయన్ను ఎగాదిగా చూసింది. "ఒక్క దుమ్ము రవ్వ పడొద్దు," అంది.

"పడది. పేడతోని అలికినం గదా," అన్నాడు అన్న. ఆ మాటకు ఆమె నవ్వేసింది. ఆమె నవ్వాక మిగతావాళ్లు ఏమంటారు, సరేనన్నారు.

తర్వాత జరిగిన చాకిరీ నేను చచ్చేదాకా మరిచిపోను. వడ్లు దగ్గరికి లాగే పలకలు వాళ్ల దగ్గర ఉన్నవి సరిపోలేదు. రేసు పిల్లలు గ్లౌజులు తొడుక్కున్న చేతులతో, చేటలతో, ప్లాస్టిక్ కుర్చీలు బోర్లించి కూడా వడ్లు తోశారు. ఒక తెలివైనవాడు పలకకు తాడు కట్టి బండితో లాగబోతే అవ్వ వాడి హెల్మెట్ మీద ఒక్కటిచ్చింది, టైరు ఎక్కితే గింజ విరుగుతుందని. బాటకు అటూ ఇటూ గట్ల మీద పొడుగ్గా కుప్పలు వేసి పట్టాలు కప్పారు. ఆడవాళ్లు ఒక్క గింజ పోనివ్వకుండా నేలంతా ఊడ్చారు. వడ్ల గింజ ఉంటే బండి జారుతుంది, వాళ్లకేమో గింజ పోతే ప్రాణం పోతుంది. ఇద్దరి భయమూ కలిసి ఆ బాట ఎన్నడూ లేనంత శుభ్రంగా తయారైంది.

ఎవరి కుప్ప దగ్గర వాళ్లు కాపలా కూర్చున్నారు. వాళ్లకు వేరే దారి లేదు కదా. ఇంటి నుంచి చద్ది తెచ్చిన పిల్లలు, ముసలివాళ్లు కూడా చేరారు. అంతకుముందు ఏటా స్టార్టు దగ్గర ఒక గుంపు, మిగతాదంతా ఖాళీ. ఈసారి బాట పొడవునా రెండు పక్కలా మనుషులు. వాళ్ల ముఖాలు మాత్రం పెళ్లికి పిలవకుండా తీసుకొచ్చినట్టున్నాయి. మేం చూడటానికి పిలిచినవాళ్లలో ఎవరూ రాలేదు, అది వేరే సంగతి.

మొదటి రెండు బండ్లు వచ్చి నిలబడ్డాయి. నేను అలవాటు ప్రకారం పేర్లు, ఊళ్లు చదవబోయాను. కాగితం ఆ చాకిరీలో ఎక్కడో పోయింది. విసుగొచ్చి, "ఇగో, కాలువ దిక్కోడు ఒకడు, రోడ్డు దిక్కోడు ఒకడు. సూడుండ్రి!" అన్నాను. జెండా లేచింది. "కాలువ! కాలువ! రోడ్డు! రోడ్డు!" అని అరిచేలోపు అయిపోయింది. కాలువ పక్కన ఉన్నవాడు గెలిచాడు. కాలువ గట్టు మీద కుప్పల దగ్గర కూర్చున్నవాళ్లలో ఎవరో చిన్నగా "మనోడే" అన్నారు.

రెండో జతకు రోడ్డు వైపు వాడు గెలిచాడు. రోడ్డు వైపు కుప్పలవాళ్లు ఈలలు వేశారు. మూడో జత వచ్చేసరికి రెండు గట్ల మీదా జనం లేచి నిలబడ్డారు. ఎవరి పేరూ వాళ్లకు తెలియదు, ఏ బండి ఏ జాతిదో తెలియదు. తమ వడ్ల పక్క నుంచి పోతున్నవాడు తమవాడు, అంతే. దెగ్లూరు పిల్లాడు కాలువ వైపు నిలబడితే కాలువ వైపు ఆడవాళ్లు "ఉరుకు బిడ్డా" అని అరిచారు. వాడికి తెలుగు రాదు, అయినా వాడు బండి మీదే చెయ్యెత్తి దండం పెట్టాడు. ఇన్నేళ్లు డీజేలు, మేకలు, రీల్స్! మనిషికి ఒక పక్క చూపిస్తే చాలని మా బుర్రలకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఏం పోయేది? నాకు సంతోషంతో పాటు పిచ్చి కోపం కూడా వచ్చింది.

మా మేనకోడలు ఫోన్ పట్టుకుని ఈ గట్టుకూ ఆ గట్టుకూ పరుగులు తీస్తోంది. అవ్వ రోడ్డు వైపు కుప్ప ఎక్కి కూర్చుని, ఓడిపోయిన ప్రతి పిల్లాడికీ పాఠం చెబుతోంది, ముందే ఎందుకు ఉరకలేదని.

చివరి పోటీ మిగిలి ఉండగా అన్న వచ్చి నా చేతిలో మైకు పట్టుకున్నాడు. "ఎండ ముదిరింది. అవ్వకు మాటిచ్చిన. బంద్ జేస్తున్నం," అన్నాడు అందరికీ వినబడేలా. నాకు ఆయన్ను అక్కడే నాలుగు తన్నాలనిపించింది. ఫైనల్ లేకుండా రేసు ఆపేవాడిని ఎక్కడైనా చూశారా?

రెండు గట్ల మీంచి గోల లేచింది. అవ్వే ముందు అరిచింది. "ఆపుడేందిరా? ఎవలు గెలిచినట్టు మరి? తుమ్మినంతసేపే గదా, కానియ్!"

తుమ్మినంతసేపే! ఇన్నేళ్లుగా మమ్మల్ని ఎగతాళి చేసిన మాట ఆ రోజు మాకు వరమైంది. ఫైనల్ నడిచింది. ఇద్దరూ గీత దగ్గరికి ఒకే ఊపున వచ్చారు. కాలువవాళ్లు మాదంటే రోడ్డువాళ్లు మాదన్నారు. మేనకోడలి ఫోన్ మీద రెండు గట్లూ వచ్చి పడ్డాయి. వెనక్కి తిప్పి, మళ్లీ తిప్పి, చివరికి కాలువ వైపు బండి చక్రం మూరెడు ముందుందని తేల్చారు. రోడ్డు వైపు వాళ్లు ఆ ఫోన్‌నే నమ్మేది లేదన్నారు. మా రేసులో అంతకుముందు ఎన్నడూ ఎవరూ కొట్లాడుకోలేదు. నేను పక్కకు వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

ఆ తర్వాత రేసు పిల్లలంతా చెప్పులు విప్పి వడ్లు మళ్లీ పరిచారు. పెద్దాయన అన్న భుజం తట్టాడు. "నేను ఓడిపోయానయ్యా. మాటంటే మాటే. జనం వచ్చారు. వచ్చే ఏడు కూడా ఈ నేల మీదే," అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే కదా ఇన్నేళ్ల తిప్పలు.

అన్న వడ్లలో కాళ్లు పెట్టి నిలబడి ఉన్నాడు. ఇంజన్ల చప్పుడు విని పక్క ఊళ్ల నుంచి కూడా మనుషులు వచ్చారు, ఇంకో నాలుగు ట్రాక్టర్లు గేటు బయట తడిసిన వడ్లతో ఆగి ఉన్నాయి. మాకూ జాగ దొరుకుతుందా అని వాళ్లు పెద్దాయనను అడగలేక అడుగుతున్నారు. అన్న వాళ్లను చూశాడు, ఆకాశం వైపు చూశాడు.

"వద్దు పెద్దాయనా. కల్లానికే ఇయ్యిండ్రి," అన్నాడు.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరి ముందే ఆయన మీద పడ్డాను. "ఇన్నేండ్లు నా పానం తింటివి. జనం రావాలె, జనం రావాలె అంటివి. వచ్చిండ్రు! ఇయ్యాల్నే వచ్చిండ్రు! ఇయ్యాల్నే ఇడిసిపెడ్తవా? ఇంకో దినం పెట్టుకుందాం, కోతలైనంక పెట్టుకుందాం!"

"కోతలైతె కాల్వకు నీళ్లు ఇడుస్తరు. ఊటకు ఈ నేల నిమ్మెక్కుతది. మనకైనా ఆళ్లకైనా ఉన్నది ఈ నాలుగు దినాల ఎండనే చెల్లె," అన్నాడు. "ఆళ్ల ఎండల నేను ఇయ్యాల జరంత తిన్న. అవ్వ ఇచ్చింది కాబట్టి తిన్న. ఏటేటా ఎట్ల అడుగుత?"

ఆపెయ్యి, ఆపెయ్యి అని ఇన్నేళ్లు ఆయన చెవిలో పోరింది నేనే. ఆయన నిజంగా ఆపేసరికి నాకు గుండె కలుక్కుమంది. ఆ పిల్లలు ఎక్కడికి పోతారో ఆయనకు తెలియదా? తెలుసు. నాకంటే ఎక్కువ తెలుసు. అయినా అన్నాడు.

అవ్వ తన వడ్లు నెరుపుకుంటూ మా దగ్గరికి వచ్చింది. "మల్లెప్పుడు ఉరికిస్తరు బిడ్డా? ఈపాలి కాలువోళ్లను ఓడగొట్టాలె," అంది.

మళ్లీ ఎప్పుడు అని మమ్మల్ని అడిగిన మొదటి మనిషి ఆమె. అన్న వంగి వడ్లు సర్దుతున్నాడు. నేనే చెప్పాను, వచ్చే ఎండకాలం అవ్వా అని. చెప్పాక అన్న నా వంక చూశాడు, ఎక్కడ అని అడగలేదు.

ఇప్పుడు ఆ మాట నా మెడకు చుట్టుకుంది. మిషన్ కట్టేసి, వర్ని దాకా, రుద్రూర్ దాకా వెళ్లి గట్టి నేల ఎవరిదైనా ఖాళీగా ఉందా అని అడుగుతున్నాను. "గట్టి నేలనా? మా వడ్లకే లేదమ్మా," అంటున్నారు. మేనకోడలు తీసిన ఫైనల్ వీడియోను మాత్రం మా కూడలిలో అందరూ చూశారు. వచ్చే ఏడు తప్పకుండా వస్తామని దారిలో ఆపి మరీ చెబుతున్నారు. అలా చెప్పేవాళ్లను చూస్తే నాకు కొట్టాలనిపిస్తుంది.

అన్నయితే రేసు ఊసే ఎత్తడు. సాయంత్రం పూట సైలెన్సర్ లేని బండ్లు మళ్లీ మా దుకాణాల ముందు నుంచే పోతున్నాయి. ఆయన ఒకసారి తల ఎత్తి చూసి, మళ్లీ పానా పట్టుకుంటాడు. రైస్ మిల్లు దాటాక మలుపులో ఇంకా వడ్లు ఆరబోసే ఉన్నాయి. నేను మిషన్ ఆపేస్తాను. గోడ అవతల కూడా పని చప్పుడు ఆగిపోతుంది. ఆ బండ్ల మోత మలుపు దాటి సాగిపోయేదాకా మేమిద్దరం అలాగే వింటూ కూర్చుంటాం.